తాళం ఇచ్చే రోజు, తాళం తీసుకునే రోజు: చిన్న ఇంటి యజమానులకు కొన్ని సూచనలు

కింది అంతస్తులో తాముంటూ పై పోర్షన్ కిరాయికిచ్చేవారు, పదవీ విరమణ డబ్బుతో డబుల్ బెడ్‌రూం ఫ్లాటు కొని దాని అద్దెను పింఛనుకు తోడుగా లెక్కవేసుకునేవారు, అమెరికాలోనో దుబాయిలోనో ఉద్యోగం చేస్తూ నిజాంపేటలోని ఫ్లాటు బాధ్యతను తమ్ముడికో బావమరిదికో అప్పగించినవారు: ఈ వ్యాసం వీరిని దృష్టిలో పెట్టుకుని రాసినది. పది ఇళ్లున్నవారికి మేనేజరు ఉంటాడు, వకీలు ఉంటాడు. ఒకటి రెండు ఇళ్లున్నవారికి ఉండేది ఒక టు-లెట్ బోర్డు, ఒక ఫోన్ నంబరు, బోలెడంత మొహమాటం. ఇందులో పేర్కొన్న చట్టాలు, ఆనవాయితీలు ప్రధానంగా తెలంగాణకు, అందులోనూ హైదరాబాదుకు చెందినవి.

ఇన్నేళ్ల అనుభవంలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. యజమాని గట్టిగా ఉండవలసిన రోజులు రెండే రెండు: తాళం ఇచ్చే రోజు, తాళం తీసుకునే రోజు. మధ్యకాలంలో ఎంత సర్దుకుపోతే అంత లాభం. మనలో చాలామంది దీనిని తలకిందులుగా చేస్తారు. వచ్చేటప్పుడు "మంచివాళ్లలాగే ఉన్నారు" అని కాగితం లేకుండానే తాళం చేతిలో పెడతారు, ఉన్నన్నాళ్లూ మేకు కొట్టొద్దని, చుట్టాలు ఎక్కువగా వస్తున్నారని పేచీ పెడతారు, వెళ్లేటప్పుడు ఏది ఎలా ఉండేదో ఆధారం లేక అడ్వాన్సు మీద కీచులాడుకుంటారు.

కొనబోయే ముందు ఒక లెక్క

అద్దె కోసమే ఇల్లు కొనాలనుకునేవారు ముందుగా కాగితం మీద ఈ లెక్క వేసుకోవాలి. ఉదాహరణకు ఫ్లాటు ధర 80 లక్షల రూపాయలు అనుకుందాం. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం, అంటే మరో 6 లక్షలు. పెట్టుబడి 86 లక్షలైంది. నెలకు 22,000 అద్దె వస్తుందనుకుంటే ఏడాదికి 2,64,000 అని సంబరపడకూడదు. ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉంటుందని పట్టుకుంటే 2,42,000. అందులోంచి ఇంటిపన్నుకు 6,000, మరమ్మతులకు 20,000 తీసేస్తే మిగిలేది 2,16,000. పెట్టుబడి మీద ఇది రెండున్నర శాతం మాత్రమే. అదే ఇంటికి 60 లక్షల అప్పు 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల గడువుతో తీసుకుంటే నెల వాయిదా సుమారు 52,000 అవుతుంది. "అద్దెతో ఈఎంఐ కట్టుకోవచ్చు" అని బిల్డరు చెప్పే మాటకూ ఈ అంకెలకూ మధ్య నెలకు 30,000 రూపాయల దూరం ఉంది. ఆ దూరాన్ని జీతంలోంచి పూడ్చగలిగి, స్థలం విలువ పెరుగుతుందన్న నమ్మకం ఉన్నవారే ఈ దారి పట్టాలి. అద్దె కోసమే అయితే బ్యాంకు డిపాజిట్టే మేలని నిర్మొహమాటంగా చెప్పవచ్చు.

దస్తావేజుల పరిశీలనలో లింకు డాక్యుమెంట్లు (పాత యాజమాన్య పత్రాలు), ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం), మంజూరైన ప్లాను, ఓసీ (నివాసయోగ్యతా పత్రం), అవిభాజ్య స్థలం వాటా ఎన్ని గజాలన్నది చూడాలని అందరికీ తెలుసు. అద్దె కోసం కొనేవారు మోసపోయే చోటు ఇంకొకటుంది: ప్లానులో లేని పెంట్‌హౌస్. ధర తక్కువ, అద్దె బాగా వస్తుంది కాబట్టి ఆకర్షణీయంగా కనిపిస్తుంది. అయితే అనుమతి లేని కట్టడానికి బ్యాంకు అప్పు దొరకడం కష్టం, రేపు అమ్మబోతే కొనేవాడూ ఇదే ప్రశ్న అడుగుతాడు. అలాగే చెరువు దగ్గరి స్థలమైతే ఎఫ్‌టీఎల్ అని పిలిచే పూర్తి నీటిమట్టపు హద్దును, దాని వెలుపల కట్టడాలకు వీలులేని బఫర్ పట్టీని హెచ్‌ఎండీఏ (హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థ) పటాలలో సరిచూసుకోవాలి. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడిన తరువాత జరిగిన కూల్చివేతలు చూసినవారికి ఈ జాగ్రత్త ఎందుకో వేరే చెప్పనక్కరలేదు.

పదకొండు నెలల కాగితం

ఇక అసలు విషయం. మన దగ్గర అద్దె ఒప్పందం అంటే నూరు రూపాయల స్టాంపు కాగితం మీద పదకొండు నెలలకు రాసి నోటరీ చేయించుకోవడం. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి, దాటకపోతే అక్కరలేదు అన్న లెక్కతో ఈ పదకొండు పుట్టింది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ దేశంలోని చాలా ప్రాంతాలలో అలాగే ఉంది కూడా. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1999లో ఆ సెక్షన్‌ను సవరించి, ఏడాది అన్న గీతను తీసేసి, స్థిరాస్తి లీజులన్నింటికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. ఢిల్లీ వంటి చోట్ల పనికొచ్చే ఉపాయం మనకు ఆ రూపంలో పనికిరాదన్నమాట. అయినా ఇంటర్‌నెట్ సెంటర్లలో దొరికే నమూనా కాగితం మాత్రం ఏమీ మారలేదు.

అలాగని రిజిస్ట్రేషన్ లేని ఒప్పందం చిత్తుకాగితం అనుకోనక్కరలేదు. ఎవరు యజమాని, ఎవరు అద్దెదారు, అద్దెకున్నట్టుగా ఇంట్లోకి వచ్చారా లేదా వంటి అనుషంగిక విషయాలకు కోర్టు దానిని చూడగలదు. అందుకు సరిపడా స్టాంపు డ్యూటీ కట్టి ఉండాలి. లేకపోతే ఆ కాగితాన్ని కోర్టు ఆపి, తక్కువైన సుంకానికి పది రెట్ల వరకు జరిమానాతో కట్టిస్తుంది. కాని "ఆరు నెలల దాకా ఖాళీ చేయరాదు", "రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి" వంటి షరతుల మీద పట్టుబట్టబోతే, రిజిస్టరు కాని కాగితం చేతికి బలం ఇవ్వదు. అప్పుడు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం అది నెల నెలా సాగే అద్దెగా పరిగణన పొంది, పదిహేను రోజుల నోటీసుతో ఎవరైనా ముగించగలిగేదిగా మారుతుంది. యజమానికి ఇది ఒక రకంగా అనుకూలమే కదా అని కొందరంటారు. నిజమే, కాని అదే సౌకర్యం అవతలివారికీ ఉంటుంది.

కనుక నా సలహా ఇది. నెలకు పది పన్నెండు వేల పోర్షన్‌కు, తెలిసినవారి ద్వారా వచ్చిన కుటుంబానికి, సరైన స్టాంపు డ్యూటీతో రాసుకున్న కాగితంతో సరిపెట్టుకోవచ్చు. అద్దె పెద్దదైనా, ఒక కంపెనీ తన ఉద్యోగి కోసం తీసుకుంటున్నా, యజమాని విదేశంలో ఉన్నా రిజిస్ట్రేషన్ చేయించడమే మంచిది. సుంకం మొత్తం అద్దె మీద లెక్కగడతారు కాబట్టి సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో ముందుగా ఎంతవుతుందో వేయించుకుని, దానిని ఎవరు భరించాలో మాట్లాడుకోవాలి. నోటరీ ముద్రకూ రిజిస్ట్రేషన్‌కూ సంబంధం లేదని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఒప్పందం ఎవరి పేరున ఉండాలన్నది చిన్న విషయంగా కనిపించే పెద్ద విషయం. ఫ్లాటు భార్య పేరున ఉంటుంది, సంతకం భర్త పెడతాడు, అద్దె కొడుకు ఖాతాలో పడుతుంది. అంతా బాగున్నప్పుడు ఎవరూ పట్టించుకోరు. ఖాళీ చేయించవలసి వచ్చినప్పుడు నోటీసు ఎవరు ఇవ్వాలన్న దగ్గరే తగువు మొదలవుతుంది. దస్తావేజులో ఎవరి పేరుందో వారే సంతకం పెట్టాలి, వారి ఖాతాలోనే అద్దె పడాలి. విదేశాల్లో ఉన్నవారు జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ పంపితే, అక్కడి భారత కాన్సులేటులో ధ్రువీకరించుకుని, కాగితం భారతదేశం చేరిన మూడు నెలల లోపు ఇక్కడ స్టాంపు వేయించుకోవాలి. ఆ అధికారపత్రంలో అద్దెకివ్వడం, అద్దె వసూలు, ఖాళీ చేయించడం, కోర్టులో హాజరు కావడం అనే మాటలు వేరువేరుగా కనబడాలి. అమ్మే అధికారం అవసరం లేకపోతే అది రాయకపోవడమే శ్రేయస్కరం, అటార్నీ సొంత అన్నయ్యే అయినా సరే.

షరతులలో మొహమాటపడకుండా రాసుకోవలసినవి కొన్నున్నాయి. అద్దె ఏ తేదీలోగా రావాలి, ఏటా ఎంత శాతం పెరుగుతుంది, మెయింటెనెన్స్ ఎవరు కడతారు అన్నవి అందరూ రాస్తారు. బోరు ఎండి ట్యాంకర్లు తెప్పించవలసి వస్తే ఆ ఖర్చు ఎవరిది, రాత్రి వేరేవారు స్థిరంగా వచ్చి ఉంటే ముందుగా చెప్పాలా, ఇంట్లో ట్యూషన్లో టిఫిన్ సెంటరో పెట్టుకోవచ్చా, పార్కింగు ఏ నంబరు అన్నవి రాయరు. ఏప్రిల్ నెలలో మియాపూర్ వైపు ట్యాంకర్ల లైను చూసినవారెవరూ ఆ ట్యాంకర్ల షరతును వదిలిపెట్టరు. ఏసీడీ అనే అదనపు వినియోగ డిపాజిట్టును విద్యుత్ సంస్థ బిల్లులో కలిపినప్పుడు కూడా వాదన వస్తుంది. ఆ సొమ్ము కనెక్షన్‌కు అంటిపెట్టుకుని యజమాని పేరున నిలిచే డిపాజిట్టు కాబట్టి దానిని యజమానే భరించడం న్యాయం.

ఎప్పుడు, ఎవరికి

అద్దె వ్యాపారానికి పంచాంగం ఉంది. పిల్లల బడులు జూన్‌లో తెరుస్తారు కాబట్టి కుటుంబాలు ఏప్రిల్, మే నెలల్లో ఇళ్లు వెతుకుతాయి. ఆ తరువాత ఆషాఢం వస్తుంది, కొత్త ఇంట్లో పాలు పొంగించడానికి ఎవరూ ముందుకు రారు. మూఢం ఉంటే మరో కొన్ని వారాలు అంతే సంగతులు. ఆగస్టు 1న మొదలైన పదకొండు నెలల ఒప్పందం సరిగ్గా జూన్ 30న ముగుస్తుందని గమనించండి: బడి సీజను అయిపోయి, ఆషాఢం వచ్చిపడే వేళకు ఇల్లు ఖాళీ అవుతుంది. అందుకే నడిమధ్యలో ఇంట్లోకి వచ్చినవారితో మొదటి ఒప్పందాన్ని చిన్నదిగానో పెద్దదిగానో చేసి, గడువు ఏప్రిల్ చివరికి గాని మే చివరికి గాని వచ్చేలా సర్దుకోవాలి. పైసా ఖర్చు లేకుండా ఒక నెల అద్దె మిగిల్చే ఏర్పాటు ఇంతకు మించి నాకు తెలియదు.

ఖాళీ నెల విలువ తెలియకనే యజమానులు అద్దె పెంపు దగ్గర పొరపాటు చేస్తారు. 22,000 అద్దెకున్నవారిని మరో వెయ్యి పెంచమని పట్టుబడితే, వారు వెళ్లిపోయి ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉన్నా, ఆ వెయ్యితో నష్టం పూడటానికి 22 నెలలు పడుతుంది. రంగులు వేయించిన ఖర్చు దీనికి అదనం. బాగా ఉంచుకునే కుటుంబానికి బజారు ధర కన్నా కొంచెం తక్కువకే ఇచ్చి నాలుగేళ్లు ఉండనివ్వడం పిసినారి లెక్క ప్రకారం చూసినా లాభమే.

ఎవరికి ఇవ్వాలన్న విషయంలో ఆధార్, పాన్, ఉద్యోగ గుర్తింపు, గత యజమాని ఫోన్ నంబరు తీసుకోవాలి. ఈ చివరిది అన్నింటికన్నా ముఖ్యం, ఎవరూ అడగనిదీ ఇదే. ప్రస్తుత యజమాని వారిని వదిలించుకోవడానికి మంచిగా చెప్పవచ్చు గాని, అంతకు ముందు ఇంటి యజమానికి అబద్ధం చెప్పవలసిన పని లేదు. వివరాలను స్థానిక పోలీస్ స్టేషన్‌కు ఇచ్చి రసీదు ఉంచుకోవాలి. విదేశీయులకు ఇస్తే 24 గంటల లోపు వారి వివరాలను నిర్ణీత ఫారంలో సమర్పించడం చట్టపరమైన బాధ్యత. బ్యాచిలర్లకు ఇవ్వమని, ఫలానా తిండి తినేవారికే ఇస్తామని బోర్డు మీద రాసుకునేవారున్నారు. అలాంటి గీతలు గీసుకునేవారు ఖాళీ నెలల రూపంలో తమ జేబుకే జరిమానా వేసుకుంటున్నారని నా ఉద్దేశం. ముగ్గురు ఉద్యోగస్థులు కలిసి ఉంటామంటే ముగ్గురి చేతా సంతకం పెట్టించి, మొత్తం అద్దెకు ముగ్గురూ బాధ్యులని రాయించుకుంటే చాలు.

తాళం ఇచ్చే రోజు

హైదరాబాదులో రెండు నెలల అద్దె అడ్వాన్సుగా తీసుకోవడం వాడుక. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టం కూడా నివాస గృహాలకు రెండు నెలలనే గరిష్ఠంగా పెట్టింది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం శాసనం చేస్తే గాని అమలులోకి రాదు. అయినా ఆ పరిమితి న్యాయమైనదే. అడ్వాన్సును బ్యాంకు ద్వారా తీసుకుని, ఖర్చు పెట్టకుండా వేరే డిపాజిట్టులో ఉంచాలి. వెళ్లేటప్పుడు "కొత్తవాళ్లు రాగానే ఇస్తాను" అనే యజమానులందరూ ఆ డబ్బును ఎప్పుడో వాడేసుకున్నవారే.

ఆ రోజు ఇల్లంతా తిరుగుతూ ఫోన్‌లో వీడియో తీయాలి, అద్దెదారు కూడా పక్కనుండాలి. ప్రతి గదిలో ఫ్యాన్లు తిరుగుతున్నాయని, గీజరు పనిచేస్తోందని, వంటగది అరలు, బాత్‌రూమ్ కుళాయిలు, కిటికీ దోమతెరలు ఎలా ఉన్నాయని కనబడాలి. గోడల మీది పాత చెమ్మ మరకలను దాచకుండా చూపించాలి, ఎందుకంటే అవి తరువాత వారి మీద మోపబడకుండా ఉండటం వారికి ఎంత ముఖ్యమో, కొత్త లీకేజీ ఎప్పుడు మొదలైందో తెలియడం మీకూ అంతే ముఖ్యం. చివరగా కరెంటు మీటరు దగ్గరకు వెళ్లి రీడింగు అంకె స్పష్టంగా తీయాలి. నేను మొదటిసారి అద్దెకిచ్చినప్పుడు ఈ ఒక్క పని చేయలేదు. రీడింగు తీయడానికి వచ్చే మనిషి తాళం వేసి ఉందని రెండు నెలలు సగటు బిల్లు వేసి వెళ్లాడు, వారు ఖాళీ చేసిన తరువాత అసలు బిల్లు వచ్చింది, ఎవరి వాడకం ఎంతన్నది తేల్చే దారి లేక నేనే కట్టుకున్నాను. వీడియోను ఇద్దరి వాట్సాప్‌లోనూ అదే రోజు పంపుకుంటే తేదీ కూడా దానంతట అదే నమోదవుతుంది.

ఇంకొక మాట. 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి పథకంలో నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన కుటుంబాలకు సున్నా బిల్లు వస్తుంది, అద్దెకున్నవారికీ ఇది వర్తిస్తుంది. దరఖాస్తు కోసం బిల్లు మీది యూఎస్‌సీ నంబరు (కనెక్షన్‌కు ఇచ్చిన ప్రత్యేక సంఖ్య) అడిగితే కొందరు యజమానులు ఇల్లే రాసిమ్మన్నట్టు ఉలిక్కిపడతారు. కనెక్షన్ మీ పేరుననే ఉంటుంది, ఆ నంబరు ఇవ్వడం వల్ల హక్కులేవీ చేతులు మారవు.

మధ్యకాలం

అద్దెకిచ్చిన ఇల్లు ఒప్పందం ఉన్నంతకాలం వారి ఇల్లు. చెప్పకుండా తలుపు కొట్టకూడదు, రెండో తాళం చెవి ఉంది కదా అని లోపలికి వెళ్లకూడదు. మరమ్మతుల విషయంలో పైన చెప్పిన నమూనా చట్టం ఇచ్చిన విభజనను ఒప్పందంలో అలాగే రాసుకోవచ్చు: కట్టడానికి సంబంధించినవి, గోడల సున్నం, తలుపుల రంగులు, పైపుల మార్పిడి, లోపలి బయటి వైరింగు యజమానివి, కాలువ శుభ్రం, స్విచ్చులు, సాకెట్లు, కుళాయి వాషర్లు, పగిలిన అద్దాలు అద్దెదారువి.

అన్ని మరమ్మతులూ ఒకటి కావు. బాత్‌రూమ్ నుంచి కింది ఫ్లాటు కప్పులోకి దిగే నీటిని వారం ఆపితే కింది యజమానితో తగువు, అసోసియేషన్ పంచాయితీ, స్లాబులో ఇనుము తుప్పు అన్నీ వరుసగా వస్తాయి. అటువంటి ఫోన్ వచ్చిన రోజే ప్లంబరును పంపాలి. అదే వంటగది అర తలుపు వంకరపోయిందంటే నెలాఖరు దాకా ఆగవచ్చు. నమ్మకమైన ఒక ప్లంబరు, ఒక ఎలక్ట్రీషియన్ నంబర్లు అద్దెదారుకే ఇచ్చి, రెండు వేల లోపు పని అయితే చేయించుకుని రసీదు పంపి అద్దెలో మినహాయించుకోమనడం ఇద్దరికీ సుఖం. దూరదేశంలో ఉన్న యజమానికి ఇంతకన్నా దారి లేదు.

పన్ను లెక్క

అద్దె మీద ఆదాయపు పన్ను లెక్క నిజానికి సులభం. ఏడాది అద్దెలోంచి మీరు స్వయంగా కట్టిన మున్సిపల్ పన్ను తీసేయాలి; మిగిలినదానిలో 30 శాతం, మీరు ఖర్చు పెట్టినా పెట్టకపోయినా, మినహాయింపు వస్తుంది. పై ఉదాహరణలో 2,64,000 లోంచి 6,000 పోగా 2,58,000. దానిలో 30 శాతం 77,400 పోతే పన్ను పరిధిలోకి వచ్చేది 1,80,600. రంగులు, ప్లంబరు, మెయింటెనెన్స్ అన్నీ ఆ 30 శాతంలోనే కలిసిపోతాయి. అందువల్ల అసోసియేషన్ మెయింటెనెన్స్‌ను అద్దెతో కలిపి తీసుకోకుండా అద్దెదారే నేరుగా కట్టేలా ఏర్పాటు చేసుకోవడం తెలివైన పని. కలిపి తీసుకుంటే ఆ సొమ్ము కూడా మీ అద్దె ఆదాయంగా లెక్కకెక్కే అవకాశం ఉంది.

ఇంటి అప్పు ఉంటే దాని వడ్డీని తగ్గించుకోవచ్చు. పాత పన్ను విధానంలో దానివల్ల నష్టం తేలితే ఏడాదికి 2 లక్షల వరకు జీతం వంటి ఇతర ఆదాయంతో సర్దుకోవచ్చు, మిగిలినది ఎనిమిదేళ్లు ముందుకు తీసుకుపోవచ్చు. కొత్త విధానంలో జీతంతో సర్దుబాటు లేదు. అప్పుతో ఇల్లు కొనేవారు ఏ విధానం ఎంచుకోవాలో ఈ ఒక్క అంశమే తేల్చవచ్చు. భర్త డబ్బు ఇచ్చి భార్య పేరున కొన్న ఇంటి అద్దె సాధారణంగా భర్త ఆదాయంలోనే కలుస్తుందన్నది మరిచిపోరాదు. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల అంకెలు మారాయి గాని ఈ లెక్క మారలేదు.

అద్దె నెలకు 50,000 దాటితే అద్దెదారు 2 శాతం టీడీఎస్ (అద్దె చెల్లించేటప్పుడే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) కోయాలి. 2024 అక్టోబరు 1కి ముందు ఇది 5 శాతంగా ఉండేది. యజమాని ప్రవాసి అయితే సంగతి వేరు: అద్దె ఎంత చిన్నదైనా 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు కలిపి 31.2 శాతం కోయవలసిన బాధ్యత అద్దెదారుది. ఈ విషయం అటు యజమానికీ ఇటు అద్దెదారుకూ తెలియక ఏళ్లు గడిచిపోతుంటాయి. ప్రవాసులు ఒప్పందంలోనే తమ నివాస స్థితి రాసి, తక్కువ శాతం కోతకు ఆదాయపు పన్ను శాఖ నుంచి ధ్రువపత్రం తెచ్చుకుని, అద్దెను ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (ప్రవాసులు ఇక్కడి ఆదాయం కోసం తెరిచే బ్యాంకు ఖాతా) వేయించుకోవాలి. ఏడాది అద్దె లక్ష దాటితే అద్దెదారు హెచ్‌ఆర్‌ఏ (జీతంలోని ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు కోసం మీ పాన్ అడుగుతారు. ఇవ్వనని బిగుసుకుంటే మంచి జీతం ఉన్న అద్దెదారు మరో ఇల్లు చూసుకుంటాడు.

ఖాళీ చేయనంటే

పన్నెండేళ్లుంటే ఇల్లు వారిదైపోతుందన్న భయం మనలో బలంగా ఉంది. మీ అనుమతితో, మీకు అద్దె కడుతూ ఉన్నవారు మీ హక్కును కాదని అనడానికి సాక్ష్య చట్టమే ఒప్పుకోదు. ఏళ్ల తరబడి అద్దె కూడా తీసుకోకుండా, కాగితం లేకుండా దూరపు చుట్టానికి ఇల్లు వదిలేసినవారే భయపడాలి. నామమాత్రంగానైనా అద్దె బ్యాంకు ద్వారా రావడం దీనికి మందు.

కరెంటు తీసేయడం, నీళ్లు ఆపడం, సామాను బయట పెట్టించడం ఎన్నడూ చేయకూడదు. బలవంతంగా వెళ్లగొట్టబడిన వ్యక్తి, ఇల్లు ఎవరిదన్న ప్రశ్నతో నిమిత్తం లేకుండా, ఆరు నెలల లోపు దావా వేసి తిరిగి లోపలికి రావచ్చునని 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ చెబుతోంది. మొదట నోటిమాట, తరువాత వాట్సాప్‌లో తేదీతో సందేశం, ఆపై వకీలు ద్వారా పదిహేను రోజుల నోటీసు, ఇదీ క్రమం. గడువు ముగిశాక కూడా ఏమీ అనకుండా అద్దె పుచ్చుకుంటూ పోతే నెలవారీ అద్దె కొనసాగడానికి మీరు ఒప్పుకున్నట్టే అవుతుంది కనుక, ఆ సొమ్మును వాడుకున్నందుకు నష్టపరిహారంగా మాత్రమే తీసుకుంటున్నానని రాతపూర్వకంగా తెలియజేయాలి.

1960 నాటి అద్దె నియంత్రణ చట్టం గురించి వినే ఉంటారు. 2005 సవరణ తరువాత మున్సిపల్ కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 దాటిన ఇళ్లకు, ఇతర ప్రాంతాలలో 2,000 దాటినవాటికి అది వర్తించదు. నేటి అద్దెల్లో దాదాపు ఏ ఇల్లూ దాని కిందికి రాదు, సివిల్ కోర్టుకే వెళ్లాలి. దావా వేసే ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టి, లోక్ అదాలత్‌లో ఖాళీ చేసే తేదీని రాయించుకోగలిగితే, ఆ అవార్డుకు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, కోర్టు ఫీజు ఉండదు. రెండు నెలల అద్దె వదులుకుని అక్కడే రాజీపడటం, నాలుగేళ్ల వాయిదాల కన్నా చవక.

తాళం తీసుకునే రోజు

సామాను లారీ ఎక్కకముందే, పగటి వెలుగులో, మొదటి రోజు వీడియో తెరిచి పెట్టుకుని ఇల్లు చూడాలి. సహజంగా జరిగే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లోనే ఉంది. ఎవరు ఎంతకాలం ఉన్నా రంగుల కోసమని ఒక నెల అద్దె కోసుకోవడం మన ఊళ్లో ఆచారమైపోయింది. ఆరు నెలలకే వెళ్లిపోయి గోడలు పాడుచేసినవారి దగ్గర అది సమంజసం. నాలుగేళ్లున్న కుటుంబం దగ్గర కాదు, ఆ గోడలకు ఎలాగూ రంగులు వేయవలసిన సమయం వచ్చింది. పగిలిన వాష్‌బేసిన్‌కు, కాలిపోయిన గీజరుకు మాత్రం ప్లంబరు చేత అంచనా రాయించి ఆ మేరకే తగ్గించాలి.

మీటరు రీడింగు మళ్లీ ఫోటో తీసి, విద్యుత్ సంస్థ యాప్‌లో ఆనాటి దాకా బకాయి ఎంతో చూసి కట్టించుకోవాలి. నల్లా బిల్లు, గ్యాస్ పైపు ఉంటే దాని బిల్లు, అసోసియేషన్ నుంచి బకాయి లేదన్న చీటీ చూసుకోవాలి. పోలీస్ స్టేషన్‌లో ఇచ్చిన వివరాలు మార్చమని చెప్పాలి. తాళం చెవులన్నీ, పార్కింగు స్టిక్కరు, గేటు కార్డులు లెక్కపెట్టుకుని, మిగిలిన అడ్వాన్సును వారి ఎదుటే బ్యాంకు ద్వారా పంపి, "లెక్క పూర్తయింది, ఇల్లు అప్పగించాను" అని ఒక పంక్తి రాయించుకుని సంతకం తీసుకోవాలి. ఆ సాయంత్రమే ముందు తలుపు తాళం మార్చి, మరునాడు పొద్దున్నే టు-లెట్ బోర్డు కట్టాలి.